పల్టీ కొండల్

ఆండాలు పుట్టింటివాళ్ళను ఊళ్ళో అందరూ కుంటెద్దోళ్ళు అంటారు. ఎప్పుడో ముత్తాత సంతలో చూసుకోకుండా ఒక కుంటి ఎద్దును కొనుక్కొచ్చాడట. ఎద్దు పోయింది, ముత్తాతా పోయాడు. పేరు మాత్రం ఏ కుంటూ లేకుండా నాలుగు తరాలు నడిచొచ్చింది. బడిలో ఇంకో ఆండాలు ఉండడంతో పంతులు కూడా హాజరు పిలిచేటప్పుడు "కుంటెద్దు ఆండాలు" అనే పిలిచేవాడు.

అందుకే ఆ శుక్రవారం పొద్దున, దబీర్‌పురాలో తన గుమ్మం ముందు పాల ఆగయ్య సైకిలు ఆపి "పల్టీ కొండల్ ఇంట్ల గిన్నె తేండి!" అని కేకేసేసరికి ఆమె గిన్నె లేకుండానే గుమ్మంలోకి ఉరికింది.

"ఏంది తాతా, గదేం పేరు?"

"నేను పెట్టిన్నా బిడ్డా? స్టేషన్ మైదానంల అందరు గట్లనే అంటున్నరు. నీ పెనిమిటి కారు పల్టీ కొట్టని శుక్రారం లేదంట గద!"

లేని మాటేం కాదు. కొండల్ నయాపూల్ దగ్గర ఒక ప్రెస్సులో పనిచేస్తాడు. ఎదురింటి యూసుఫ్ స్కూటర్ మెకానిక్కు, కొండల్‌కు చిన్నప్పటి దోస్తు. యూసుఫ్ వాళ్ళ అన్న దుబాయి నుంచి వస్తూ రెండు రిమోట్ కార్లు తెస్తే, యూసుఫ్ ఒకటి ఉంచుకుని రెండోది కొండల్ చేతిలో పెట్టాడు. అప్పటినుంచి శుక్రవారం సాయంత్రమైతే స్టేషన్ పక్క మైదానంలో పందెం. పాన్ డబ్బా దగ్గర మొదలై, రాళ్ళ కుప్ప చుట్టూ తిరిగి, మళ్ళీ పాన్ డబ్బా దగ్గరికి. అలా నాలుగు చుట్లు.

కారు మూరెడు కూడా ఉండదు. నాలుగు చక్రాలకూ నాలుగు స్ప్రింగులు, ఒక్కో స్ప్రింగు మధ్యలో వేలెడంత గొట్టం, గొట్టంలో నూనె. స్కూటర్‌కు ఉండే షాకప్పులే ఇవీ, పిల్ల షాకప్పులు అనేవాడు యూసుఫ్. రాళ్ళ కుప్ప మలుపుకు ముందు నేల మీద ఒక చిన్న గడ్డ ఉంది. కొండల్ కారు ఆ గడ్డెక్కి దిగిందంటే చాలు, వెనక భాగం ఎగిరెగిరి పడేది. ఆ ఎగురుడులోనే మలుపు వచ్చేది, కారు పల్టీ కొట్టేది. పడ్డప్పుడల్లా చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ చెయ్యి విరిగేది. పెట్టెలో వచ్చిన అదనపు చేతుల్లో చివరిది ఇప్పుడు కారుకే ఉంది. అలాంటిది చార్మినార్ దాకా వెతికినా దొరకదు.

"ఈ చెయ్యి గూడ ఇరిగితే కారు అటక మీదికే," అన్నాడు కొండల్ అన్నం తింటూ.

కారు అటక ఎక్కితే పేరు ఇక ఎప్పటికీ దిగదు. ఆండాలు ఫికరంతా అదే. రేపు పిల్లలు పుడతారు. వాళ్ళు పల్టీవాళ్ళవుతారు.

"యూసుఫ్ భాయ్ ఏమన్నడు?"

"ఎనక షాకప్‌లు నరమ్ చెయ్యమన్నడు. నాకు టైమ్ లేదు. నువ్వు జర నూనె మార్చి నరమ్ చేసి పెట్టు. పొద్దుగూకంగ కారు పట్టుకొని మైదానానికి రా, నేను ప్రెస్ నుంచి సీదా ఆడికే వస్త."

ఆ చిన్న స్క్రూలు ఎప్పుడూ ఆమె వేళ్ళకే లొంగేవి. కొండల్ వెళ్ళాక గడపలో కూర్చుని, వెనక గొట్టాలు విప్పి ఒకదాని నూనె వంచింది. కుట్టుమిషన్ నూనె, నీళ్ళలా జారిపోయింది. రెండోది వంచేముందు, దానిలో పైకీ కిందికీ ఆడే ఇనప పుల్లను నొక్కి చూసింది. ఏ పట్టూ లేదు.

నరం చెయ్యాలట. నరం అంటే లాగి పట్టాలి కదా. మడమ వెనక నరం పట్టు తప్పితే మనిషే తూలి పడతాడు. నీళ్ళలాంటి నూనెకు నరం ఎక్కడినుంచి వస్తుంది? మైదానం గోడ పక్కన నిలబడి ప్రతి వారం చూస్తూనే ఉంది. గడ్డ దిగాక కారును పట్టి ఆపేవాడు లేకనే అది ఎగురుతోంది. నాన్న బండి ఇరుసుకు ఏం పూసేవాడో గుర్తొచ్చింది. దీపానికని ఉంచిన సీసా గూట్లోంచి తీసి, రెండు గొట్టాల్లోకి ఆముదం పోసింది. పుల్లను మెల్లగా ఆడించి, బుడగలన్నీ పైకొచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంది.

సాయంత్రం మైదానంలో కొండల్ కారును కింద పెట్టి, వెనక భాగాన్ని అరచేత్తో నొక్కి వదిలాడు. అది తాపీగా లేచింది.

"ఇదేందే, పండుకున్న ఎద్దు లేసినట్టు లేస్తున్నది? నరమ్ చెయ్యమంటి గద!"

"చేసిన గద. నరం లెక్కనే, గట్టిగ."

యూసుఫ్ ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే భాభీ! నరమ్ బోలేతో మెత్తగ! మెత్తగ చెయ్యమన్న!"

పాన్ డబ్బా దగ్గరివాళ్ళంతా నవ్వారు. "ఏం పోసినవ్?" అని కొండల్ గుసగుసగా అడిగాడు. చెప్పింది. అతని ముఖం ఆ ఆముదమేదో తనే తాగినట్టయింది. మార్చడానికి మాత్రం వ్యవధి లేదు. యూసుఫ్ కారు అప్పటికే గీత మీద ఉంది.

ఆండాలు గోడకు ఆనుకుని కొంగు పిడికిట్లో పట్టుకుంది. ఇంకో పేరు కూడా తగులుతుందేమో. రెండు కార్లూ కుయ్యిమంటూ దూకాయి. యూసుఫ్ కారు ముందు, కొండల్ కారు వెనక. గడ్డ వచ్చింది. కారు లేచింది. దిగింది. దిగి, అక్కడే కూర్చుంది. రెండో ఎగురుడు లేదు. నాలుగు చక్రాలూ నేలనంటుకుని మలుపు తిరిగిపోయింది.

"తిరిగె!" అని ఎవరో అరిచారు.

మళ్ళీ చుట్టు, మళ్ళీ గడ్డ, మళ్ళీ అదే. కొండల్ ముందు భయంభయంగా నడిపాడు. తర్వాత నమ్మకం కలిగి మలుపులో వేగం తగ్గించడమే మానేశాడు. చివరి చుట్టులో యూసుఫ్ కంగారుపడి గడ్డ మీద జోరు చేశాడు. అతని కారు ఎగిరి, దొర్లి, చక్రాలు ఆకాశానికి పెట్టి ఆగింది. కొండల్ కారు దాని పక్కనుంచి బుద్ధిగా తిరిగి పాన్ డబ్బా చేరింది.

యూసుఫ్ నెత్తి గోక్కుంటూ వచ్చాడు. "స్కూటర్ మీద మనిషి కూసుంటడు, నరమ్ ఉండాలె. దీని మీద ఎవడు కూసున్నడు? నా బుద్ధి గడ్డి తినెటందుకు పోయింది. ఏం నూనె భాభీ గది?"

"ఆముదం, భాయ్."

"ఆముదం!" అని డబ్బా దగ్గర అందరూ ఒక్కసారే అన్నారు. ఆ అనడంలో ఏదో ఉందని ఆండాలుకు అప్పుడే అనుమానం వచ్చింది.

తెల్లారి ఆగయ్య సైకిలు గంట మోగింది.

"ఆముదం కొండల్ ఇంట్ల గిన్నె తేండి!"

లోపల పళ్ళు తోముకుంటున్న కొండల్ "నీ యవ్వ..." అని ఆగిపోయాడు. ఆండాలు నవ్వాపుకుంటూ గిన్నె పట్టుకుని వచ్చింది. పాలు పడుతుంటే మనసులో పేరు పలికి చూసుకుంది. ఆముదపోళ్ళు. నాలుగు తరాలు మోయాల్సొచ్చినా ఫరవాలేదు. కుంటిది కాదు, పడిపోయేదీ కాదు.

"గట్టిగనే పిలిచినవ్ తాతా," అంది. "యూసుఫ్ భాయ్ ఇంట్ల గూడ ఇనబడాలె, ఇంకోసారి పిలువు."