ఫ్లాస్కుతో చెప్పిన మాట

మొగుడూ పెళ్ళాం మాటలు మానేయడంలో కూడా ఇంటికో పద్ధతి ఉంటుంది. కొన్నిళ్ళలో గిన్నెలు మోగుతాయి, కొన్నిళ్ళలో తలుపులు. మన టైలరు ఇంట్లో అలాంటి రభస ఏమీ ఉండేది కాదు. భార్యకి కోపమొస్తే చెప్పదలుచుకున్నదంతా వంటింటి గోడ మీది కేలండరుతో చెప్పేది. "ఉప్పు నిండుకుంది, ఎవరైనా తెస్తే బాగుండు" అని ఆవిడ కేలండరుతో అంటే, టైలరు కుట్టుమిషను వైపు తిరిగి "సాయంత్రం చూద్దాంలే" అనేవాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఈ విద్యలో ఆరితేరిపోయారు. ముందు ఎవరు నేరుగా నోరు విప్పితే వాళ్ళు ఓడిపోయినట్టు. అవతలి మనిషి చెప్పుకుంటూ ఉండగా మధ్యలో లేచి వెళ్ళిపోవడం అన్నిటికంటే పెద్ద దెబ్బ. ఆ దెబ్బ కొట్టడంలో టైలరుది అందె వేసిన చెయ్యి. నన్నడిగితే అంత పనికిమాలిన నేర్పు ఇంకోటి లేదు.

ఆ కేలండరు తొమ్మిదేళ్ళ నాటిది. తేదీలకి కాలం చెల్లిపోయినా, బొమ్మ కోసం ఆవిడ దాన్ని తియ్యనివ్వలేదు. కొండల మధ్య చిన్న ఊరు. రాతిమెట్ల వీధులు, రంగురంగుల కిటికీలు, ఇళ్ళ కప్పుల మీద మంచు, వాగు మీద వంపు తిరిగిన వంతెన. ఒక్క చలికాలం అక్కడికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావాలని ఆవిడ కోరిక. "వచ్చే ఏడు తప్పకుండా" అని టైలరు ప్రతి ఏడూ అనేవాడు. ప్రతి చలికాలం ఎవరిదో ఒకరి కోటు అడ్డం పడేది. ఈ ఏడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఆ మెట్లు ఎక్కలేదేమోనని అతనికే భయం పట్టుకుంది. టిక్కెట్లు తెచ్చి చేతిలో పెడితే, ఆవిడ వాటిని చూసి, బొమ్మని చూసి, నమ్మలేక మళ్ళీ టిక్కెట్లు చూసుకుంది.

అంతా బాగానే ఉండేది, ఆ లాయరు గారి కోటు లేకపోతే.

బస్సు కొండ ఎక్కుతుండగా చలి మొదలైంది. శాలువా కోసం ఆవిడ పెట్టె తెరిచింది. మందపాటి ఉన్ని శాలువా అది, వాళ్ళమ్మ కప్పుకున్నది. పెట్టెలో అది లేదు. దాని చోట లాయరు గారి నల్లకోటు, సగమే కుట్టినది, నలక్కుండా కాగితాల మధ్య పడుకుని ఉంది.

"నా శాలువా ఏదండీ?"

"అదా... పెట్టెలో పట్టలేదే. లాయరు గారికి సోమవారానికల్లా ఇవ్వాలి కదా. తీరిక దొరికితే అక్కడే నాలుగు కుట్లు వేసుకుందామని..."

ఆవిడ పెట్టె మూసేసింది. ఒళ్ళో ఉన్న ఫ్లాస్కు వంక చూసి, "విన్నావా? కొందరికి పెళ్ళాం చలికి కొయ్యబారినా ఫరవాలేదు, లాయరు గారి కోటు మాత్రం నలక్కూడదు" అంది. కేలండరు ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి ఆ ఉద్యోగం ఫ్లాస్కుకి పడింది.

ఊరు మాత్రం బొమ్మలో ఉన్నట్టే ఉంది. మెట్ల వీధి మధ్యలో ఒక రెండంతస్తుల ఇంట్లో వాళ్ళకి గది. ఇంటావిడ నడుముకి బోలెడు తాళాలు వేలాడుతుంటే టైలరు మనసులో ఆవిడకి తాళాలమ్మ అని పేరు పెట్టాడు. మామూలు రోజైతే ఆ పేరు భార్య చెవిలో ఊది నవ్వించేవాడే. ఇప్పుడు నవ్వించడానికి మాటలుంటేగా. అతను పెట్టెతో మెట్ల మీద ఆయాసపడుతూ పైకి చూస్తే, గది కిటికీలోంచి ఇద్దరు ఆడవాళ్ళూ కనిపించారు. తాళాలమ్మ ఒక చేత్తో బొగ్గుల కుంపటిని, రెండో చేత్తో కిటికీ పైభాగాన్ని చూపిస్తూ ఏదో గట్టిగా చెబుతోంది. భార్య తలూపుతోంది. అతను వెళ్ళేసరికి ఆ మాట అయిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఊరు చూశారు. ఆవిడ నాలుగు మెట్లు ముందు, అతను నాలుగు మెట్లు వెనక. వంతెన దగ్గర ఆవిడ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, పళ్ళు టకటకలాడుతుంటే, వాగులో గడ్డకట్టిన నీటిని చూస్తూ నిలబడిపోయింది. తొమ్మిదేళ్ళుగా చూసిన బొమ్మలో నిలబడి వణుకుతోంది. టైలరు తన కండువా విప్పి పిట్టగోడ మీద పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఓ పట్టాన కరిగే ఘటం కాదు.

పొద్దున్నే అతను గడ్డం గీసుకుంటుంటే ఆవిడ మంచం మీద రెండు దుప్పట్లూ చుట్టుకుని కూచుని, స్టూలు మీది ఫ్లాస్కుతో మొదలుపెట్టింది.

"ఇదిగో, ఆ కిటికీ పైన వెంటిలేటరు ఉంది చూశావా? రాత్రంతా అందులోంచి చలిగాలి తిన్నగా నా మెడ మీదకే. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. అయినా ఇంటావిడ ఏమందంటే..."

మళ్ళీ శాలువా సంగతి వస్తోందనుకున్నాడు. గడ్డం సగం గీసినవాడు సగంలోనే తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులేసుకుని, బయటికి వెళ్ళిపోయాడు. మిగతా సగం మాట ఫ్లాస్కు వింది.

బయట మెట్టు మీద నిలబడి మొదట గెలిచాననుకున్నాడు. ఆ గెలుపు చలిలో ఎంతసేపో నిలవలేదు. దవడకి సబ్బు నురగ, ఎదురింటివాళ్ళు చూసి నవ్వుకుంటున్నారు. తొమ్మిదేళ్ళు ఊరించి తీసుకొచ్చి, మనిషిని చలికి వదిలేశాను కదా అనుకున్నాడు. సిగ్గేసింది. ఆవిడ మళ్ళీ తనని నేరుగా "ఏవండీ" అని పిలవకుండా ఈ ఊరు దాటి వెళ్ళకూడదని అక్కడే గట్టిగా అనుకున్నాడు. ఆవిడ బాధంతా ఆ వెంటిలేటరు కన్నంతోటేగా. సందు మూయడం కంటే తనకి తెలిసిన పనేముంది? కాలరు దగ్గర నూలుపోగంత వదులు కనిపిస్తే విప్పి మళ్ళీ కుట్టే మనిషి.

భోజనాలయ్యాక ఆవిడ తాళాలమ్మతో కలిసి అంగడివీధి చూడ్డానికి వెళ్ళింది. టైలరు తలుపేసి, పెట్టె తెరిచి, లాయరు గారి కోటు మంచం మీద పరిచాడు. దళసరి ఉన్ని గుడ్డ, లోపల పట్టులాంటి లైనింగు. ఒకరిచ్చిన గుడ్డని ఇంతవరకు అతను పాడుచేసింది లేదు. కత్తెర తీసి వీపు ముక్క నిలువునా కోసేశాడు. కొయ్యగానే గుండె కలుక్కుమంది, వెంటనే తేలికపడింది. లాయరు గారికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

స్టూలెక్కి, వెంటిలేటరు చెక్కపలకల మీద ఆ గుడ్డని రెండు మడతలు వేసి కప్పాడు. కోట్లకి బొత్తాలు కుట్టే దారం మైనం పట్టించి, పలకల సందుల్లోంచి సూది పోనిస్తూ, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాడు. చెయ్యి పెట్టి చూశాడు. వెంట్రుకవాసి గాలి లేదు. కోటు చేతులు రెండూ పాములా చుట్టి తలుపు అడుగున మేకులతో బిగించాడు. కిటికీ తెర పైకి లాగి, చేసిన పని కనపడకుండా కప్పేశాడు. కుంపట్లో బొగ్గులు నిండా పోసి విసిరాడు. ఇంత శ్రద్ధగా ఏ పెళ్ళికొడుకు సూటూ కుట్టి ఉండడు.

ఆవిడ ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగి, అరచేతులు చాపి చూసుకుంది. మొహం విప్పారింది.

"ఓ ఫ్లాస్కూ, గది ఎంత వెచ్చగా ఉందో చూశావా! ఇవాళ బొగ్గులు బాగా రాజుకున్నట్టున్నాయి. ఇప్పుడు కదా సెలవులకి వచ్చినట్టుంది" అంది. మంచమెక్కి కాళ్ళు చాపుకుని మోకాళ్ళు రాసుకుంది. తర్వాత ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి తను తీసుకుని, రెండోది స్టూలుకి అతని వైపు అంచున పెట్టింది. వాళ్ళ లెక్కలో అది సంధికి ముప్పాతిక వంతు.

టైలరుకి నోటిదాకా వచ్చింది. "ఏమే, లాయరు గారి కోటు కోసిపారేశానే" అనాలి, ఆవిడ నోటి మీద చెయ్యేసుకుని "ఎంత పని చేశారండీ!" అనాలి. కానీ వట్టి చేతులతో ఓడిపోవడమేమిటి అనుకున్నాడు. వీధి చివర దుకాణంలో శాలువాలు చూశాడు. ఒకటి తెచ్చి భుజాల మీద కప్పి, అప్పుడు నోరు విప్పుదాం, టీ కూడా అప్పుడే తాగుదాం. అలా అనుకుని బయల్దేరాడు. అతను వెళ్ళేటప్పటికే ఆవిడ దుప్పటి మెడదాకా లాక్కుని కునుకు తీస్తోంది.

ఎవరైనా శాలువా కొనడానికి గంటన్నర తీసుకుంటారా? టైలరు తీసుకున్నాడు. అంచు కుట్టు వంకరగా ఉందని ఒకటి, నేత పలచనని ఒకటి, రంగు ఆవిడకి నప్పదని మరొకటి పక్కన పడేశాడు. దుకాణం వాడు విసుక్కుని, "బాబూ, కప్పుకునేది మీరా, మీ ఆవిడా?" అన్నాడు. చివరికి ముదురు కుంకుమ రంగుది తీసుకున్నాడు.

వచ్చేసరికి ఆవిడ నిద్రపోతూనే ఉంది. చెంపలు రెండూ గులాబీల్లా ఎర్రబడ్డాయి. ఎన్నేళ్ళకి ఆ మొహంలో ఇంత రంగు వచ్చిందని మురిసిపోయాడు. శాలువా విప్పి మెల్లిగా ఆవిడ మీద పరిచాడు. తల కొంచెం దిమ్ముగా అనిపిస్తే గబగబా మెట్లెక్కినందుకేననుకున్నాడు. లేపడం ఇష్టం లేక, వెచ్చదనం పోకుండా తలుపు గట్టిగా దగ్గరికి లాగి, వరండాలో కుర్చీ వేసుకుని, ముందు ఏమనాలో నెమరువేసుకుంటూ కూచున్నాడు. కోటు సంగతి ముందా, శాలువా సంగతి ముందా అన్నది ఎంతకీ తేలలేదు.

తాళాలమ్మ బొగ్గుల బకెట్టుతో వచ్చి తలుపు తోసింది. తలుపు అడుగున ఏదో పట్టేస్తే భుజంతో తోసింది. లోపలికి ఒక్క అడుగు వేసి, బకెట్టు అక్కడే వదిలేసి కేక పెట్టింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. ఇద్దరూ కలిసి ఆవిడని శాలువాతో సహా ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. టైలరు చెంపలు తట్టాడు, చేతులు రుద్దాడు, ముప్ఫై ఏళ్ళలో పిలవనన్నిసార్లు పిలిచాడు. కింది వీధి డాక్టరు పరుగున వచ్చి, ఛాతీ మీద నొక్కి, నోట్లో ఊపిరి ఊది, చాలాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాడు. చివరికి చేతులు తీసేశాడు.

"ఎప్పుడో పోయిందండీ. బొగ్గు విషవాయువు. మూసిన గదిలో నిండిపోతుంది. దానికి వాసనుండదు, కంటికి కనపడదు" అన్నాడు.

తాళాలమ్మ గదిలోకి వెళ్ళి తెర పక్కకి లాగింది. నల్లగుడ్డ పట్టుకుని గుంజింది. రాలేదు. రెండు చేతులా గుంజినా ఒక్క కుట్టు తెగలేదు. బయటికొచ్చి అందరి ముందూ తల బాదుకుంది.

"చెప్పాను కదయ్యా! గదిలో అడుగు పెట్టగానే అమ్మకి చెప్పాను. ఎంత చలేసినా ఆ కన్నం మాత్రం మూయొద్దమ్మా, కుంపటి గది, ప్రాణం మీదికొస్తుంది, అయ్యగారికి కూడా చెప్పండి అన్నాను. సరేనంది. మీతో చెప్పలేదా ఆవిడ?"

మెట్ల మీద చేరిన జనమంతా అతని వైపు చూశారు. చెప్పలేదని అనేస్తే అక్కడితో అయిపోతుంది. ఆవిడదే మతిమరుపని అందరూ అయ్యో అని వెళ్ళిపోతారు.

"చెప్పింది" అన్నాడు టైలరు. "చెబుతూంటే నేనే లేచి వెళ్ళిపోయాను."

మర్నాడు పొద్దున, ఆవిడని తీసుకెళ్ళే బండి వచ్చేలోగా సామాను సర్దడానికి ఒక్కడే గదిలోకి వెళ్ళాడు. స్టూలెక్కి వెంటిలేటరు మీది కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. అంత బాగా కుట్టినందుకు తన చేతుల్ని తనే తిట్టుకుంటూ, ఒక్కొక్క కుట్టు కత్తెర మొనతో తెంపాడు. చివరి మూల ఊడగానే చలిగాలి తిన్నగా వచ్చి మెడకి తగిలింది.

కిందికి దిగి చూస్తే ఫ్లాస్కు ఉంది. పక్కన అతని కప్పు, టీ మీద మీగడ కట్టి, నిన్న ఆవిడ పెట్టిన చోటే ఉంది. ఆ చల్లటి టీ చుక్క మిగల్చకుండా తాగాడు. ఫ్లాస్కుని దగ్గరికి తీసుకుని, దానికెదురుగా మంచం మీద కూచున్నాడు.

"ఏమే" అన్నాడు. "ఇంటావిడ ఏమందో చెప్పు. ఈసారి లేవను."

కింద బండివాడు రెండుసార్లు పిలిచాడు. అతను లేవలేదు.