ముదురుకొమ్మ

ఫాల్గుణమాసాంతమున మలయపవనచలితమాకందమంజరీపరాగధూసరితమై మత్తకోకిలకులకలకలముఖరితమై నారువలస సంస్థానపు టుద్యానవనము వసంతలక్ష్మికి స్వాగత మిచ్చుచుండెను. మల్లెపొదలు క్రొత్త యిగుళ్లు తొడిగెను. మాధవీలత పందిరినిండ నల్లుకొనెను. వనమధ్యమున నొక్క యశోకవృక్షము మాత్రము నిండుగ నాకులు గలిగియు నొక్క పువ్వైనను లేక నిలిచియుండెను. దాని నీడను నడచుటకు దాసీజనము జంకుచుండిరి.

ఆ చెట్టు నాటినది తోటమాలి పైడయ్య భార్య యసిరమ్మ. ఆమె బ్రతికియున్న దినములలో నేటేట మ్రాను మొదలుకొని కొమ్మలదాక కుంకుమ గ్రుమ్మరించినట్లు పూచిన యా వృక్షము ఆమె పోయిన పిదప మూడు వసంతములు పూయ మానెను. సంతానము లేని రాణీ చంద్రమణీదేవిగారి వనమున గొడ్డుచెట్టుండుట యశుభమని పురోహితులు పలుకగా ఉగాదిలోపల పూయనియెడల దానిని గొట్టివేయవలయునని యాజ్ఞ వెడలెను. ఉగాదికి పదిదినములు మాత్రమే గడువుండెను.

పైడయ్యకు భార్య మిగిల్చిపోయిన ప్రాణి యా చెట్టొక్కటియే. కావున ఆమె పోయినది మొదలు పాదు త్రవ్వి మాగిన పెంటయెరువు వేసి చెదపట్టకుండ వేపపిండి చల్లి మల్లెపొదలకు జేయునట్లే ప్రతిఫాల్గుణమునను ముదురుకొమ్మలను గోసి ఆ గాయములకు ఆవుపేడయు నెఱ్ఱమన్నును గలిపి పూయుచు వచ్చెను. ఈ యేడును ఆ యుదయముననే యా పని ముగించెను. కత్తిపనిలో తనకు సాటి లేడని యతనికి గట్టి నమ్మకము. ఆ నమ్మకమే తన కొంప ముంచుచున్నదని పాప మతడెఱుగడు.

ఇక మిగిలినది బెదిరింపు. పూయని చెట్టును గొడ్డలిచేత నొకరు బెదిరింపగా వేఱొకరు అడ్డుపడి బ్రతిమాలుట యా సీమ యాచారము. చెట్టు పసిదైయున్ననాడు మొదలిడి అది పూయ నారంభించిన పిదపను వేడుకగా నేటేట ఆలుమగలు నడపిన యాట యది. అడ్డుపడునది యసిరమ్మ. ఇప్పు డడ్డుపడువా రెవ్వరును లేకున్నను పైడయ్య మిట్టమధ్యాహ్నమున గొడ్డలి భుజమున నిడుకొని చెట్టుచుట్టు ముమ్మాఱు తిరిగి యఱచెను.

"పూత్తావా? నరికీమంటావా?"

గాలి నిలిచెను. కోకిల కూత యడగెను. అతని చెవిదాపున చిరపరిచితమైన కంఠ మొకటి పలికెను.

"ఒగ్గీ మావా! ముదురుకొమ్మ ముట్టుకోకు. అది పూసే కొమ్మ."

పైడయ్య దిగ్గున వెనుదిరిగి చూడగా ఎవ్వరును లేరు. ఆ మాటలు అసిరమ్మ యేటేట పలికినవే. అవి యాటలోని వాడుకమాటలని నవ్వి యామె ముచ్చట దీర్చుటకై గొడ్డలితోపాటు కత్తియు దించి ఆ కొమ్మలను గోయక విడుచుచుండెడివాడే గాని చెట్టు మర్మ మెఱిగిన మాటలని యతడెన్నడును దలపలేదు. మల్లె లేతచిగుళ్లయందు బూచును. అశోకము ముదురుకొమ్మలయందు బూచును. అతడు తాను గోసి పడవేసిన కొమ్మ నొకదాని నెత్తి చూచెను. బెరడుమీద నూకగింజలంతేసి యెఱ్ఱని మొగ్గలు వరుసదీరి యుండెను. మూడేండ్ల పూలను దన చేతులతోనే పెంటపోగున బెట్టితినని పైడయ్య నేలబడి యేడ్చెను.

ఆ కొమ్మను బట్టుకొని యతడు రాణి యెదుట నిలిచెను.

"తల్లీ! సెట్టు గొడ్డుది కాదు. ఏటేటా నానే మొగ్గలు నరికీసినాను. కొట్టీమంటే నన్ను కొట్టీమనండి."

రాణి యా మొగ్గలను దడవుగా జూచెను. పండ్రెండేండ్లుగా చాటుమాటున గొడ్డనిపించుకొనిన యామె కన్నులు చెమ్మగిల్లెను.

"తప్పు కత్తిది కాగా నింద చెట్టుపై బడినది. మా యాజ్ఞ మరలించితిమి. ఇకపై దీనిని గొడ్డని పలికినవారికి మా కోటలో జోటు లేదు" అనెను.

మఱుసటి వసంతమున అశోకము మొదలంట బూచెను. రాణి స్వయముగా వచ్చి చూచి మురిసిపోయెను. జనమెల్ల వెడలిన పిమ్మట పైడయ్య యొంటరిగా నిలిచి "అసిరీ" యని పిలిచెను. బదులు రాలేదు. ఆ కంఠ మొక్కమాఱు వినవలెనను నాసతో కత్తి దీసి పూచిన కొమ్మపై నానించి చెవి యొగ్గెను. తుమ్మెదల ఝంకారము దక్క మఱేమియు వినరాలేదు. వలదనువా రెవ్వరును లేరైరి. ప్రొద్దు గ్రుంకువఱకు నట్లే నిలిచి తుదకు తానే "ఒగ్గీ" యని తన చేతితో జెప్పుకొని కత్తి దించి యింటికి బోయెను.