బావ ఇప్పించిన టీ

రెండు కుర్చీల సెలూన్ అది. ఒక కుర్చీ కత్తెరది, రెండోది దువ్వెనది. ఈ పేర్లు కస్టమర్లు పెట్టినవే. చెయ్యి ఆగదు కాబట్టి ఒకడు కత్తెర. రెండోవాడు, నడినెత్తిన ఒక్క వెంట్రుక లేకపోయినా జేబులో దువ్వెన లేనిదే గడప దాటడు. కత్తెర భార్యకి దువ్వెన సొంత అన్న. అందుకని ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు.

సెలవు రోజున షట్టర్ సగం దించి ఒకరికొకరు గడ్డం గీసుకోవడం వాళ్ల అలవాటు. ఎవరి మొహాన నురగ ఉంటే వాళ్ల ఫోన్ రెండోవాళ్లు ఎత్తి, స్పీకర్ పెట్టి పట్టుకోవాలి. మెడనే కత్తి కింద పెట్టినవాడికి ఫోన్ ఒక లెక్కా!

ఆ రోజు ముందు దువ్వెన కూర్చున్నాడు. సాయంత్రంలోగా పైఅంతస్తు ఓనరమ్మకి షాపు అడ్వాన్స్ కట్టాలి. లేకపోతే గది మొబైల్ షాపువాడికి ఇచ్చేస్తానంది. కత్తెర వాటా బ్యాంకులో ఉంది. దువ్వెన వాటా లేదు.

"దిగులెందుకు బావా?" అన్నాడు దువ్వెన. "మధ్యాహ్నం క్రికెట్ ఫైనల్ ఉంది. నీ వాటా మొత్తం యాప్‌లో పందెం పెట్టు. రెట్టింపయితే ఇద్దరి వాటాలూ కట్టేయొచ్చు."

"లిమిట్ ఉంది కదా బావా," అన్నాడు కత్తెర నురగ కలుపుతూ. "వారానికి ఇంతకు మించి ఆడకూడదని నేనే పెట్టుకున్నాను. దాటితే యాప్ ఒప్పుకోదు."

"నువ్వు వేసిన తాళమేగా, తాళంచెవి నీ దగ్గరే ఉంది. తీసెయ్."

"మీ చెల్లెలికి మాటిచ్చాను."

"దానికి నేను చెప్పుకుంటాలే. అయినా అది కొట్టేది నిన్ను, నన్నా!" అని నవ్వాడు దువ్వెన.

కత్తెరకీ నవ్వొచ్చింది. ఆ యాప్ తన ఫోన్‌లో ఎక్కించింది బావే. మొదట్లో రెండు మూడుసార్లు డబ్బులు వచ్చాయి. తర్వాత అన్నీ పోవడమే. పోయిన ప్రతిసారీ బావ భుజం తట్టి, ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించి, "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి బావా" అనేవాడు. ఆ మాట పట్టుకుని వెతగ్గా వెతగ్గా భార్య గాజులు కూడా వెళ్లిపోయాయి. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "నీకు నువ్వే ఒక గీత గీసుకో, అది దాటకు" అంది, అంతే. అప్పుడు పెట్టుకున్నదే ఆ లిమిట్.

ఒక చెంప పూర్తయింది. రెండో చెంపకి నురగ పట్టించాడు. బావ చెప్పింది కూడా నిజమేనేమో, షాపు పోతే మిగిలేదేముంది అని మనసు అటే లాగుతోంది.

అంతలో దువ్వెన ఫోన్ మోగింది. కత్తెర తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఎత్తాడు. స్పీకర్ పెట్టాడు.

"సార్, నమస్తే. మీ కమీషన్ విషయం సార్," అంది ఒక చురుకైన ఆడగొంతు. "మీ లింకుతో చేరినాయన ఈ నెల సరిగ్గా ఆడటం లేదు. లిమిట్ పెట్టుకున్నారు. ఆయనకి పోతేనే కదా సార్ మీకు వాటా వచ్చేది? కాస్త తీయించండి. ఇవాళ ఫైనల్‌కి మీ వాటా పెంచుతున్నాం."

దువ్వెన చెయ్యి చాచాడు. కత్తెర ఫోన్ ఇవ్వలేదు. కట్ చేసి, అద్దం ముందు బోర్లా పెట్టాడు.

"బావా... ముందు ఆ కత్తి పక్కన పెట్టు."

"నీ మెడ నాకెందుకులే," అని కత్తెర కత్తి మడిచాడు. "ఒక్కటి చెప్పు. నాకు పోయినప్పుడల్లా టీ ఇప్పించావే, అది కూడా నా డబ్బేనా?"

దువ్వెన మొహం మీది నురగ జారి చొక్కా మీద పడుతోంది.

"నాకు నీకంటే ఎక్కువే పోయింది బావా. వాళ్లే అన్నారు, ఒక మనిషిని తీసుకొస్తే కొంత తిరిగొస్తుందని. బయటివాళ్లు ఎవరు నమ్ముతారు నన్ను?"

"అందుకని నమ్మేవాణ్ణి ముంచావు."

"పోగొట్టుకున్న చోటే..."

"ఆపు! ఉంగరం జారిపోయినవాడికి చెప్పే మాట అది. జేబు కొట్టించుకున్నవాడు దొంగ దగ్గరికే వెళ్లి వెతుక్కుంటాడా?"

కత్తెర తన ఫోన్ తీశాడు. ఇక లిమిట్ కాదు, ఖాతాయే శాశ్వతంగా మూసెయ్యమని నొక్కాడు. నిజంగానా, ఉంటే బోనస్ ఇస్తాం అని అడిగింది యాప్. అది కూడా బావలాగే ముద్దుగా అడిగింది. మళ్లీ నొక్కాడు. ఆ యాప్‌నే తీసేశాడు.

మెట్లెక్కి ఓనరమ్మ తలుపు కొట్టాడు.

"సగమే ఉందమ్మా. నాకు సగం గదే ఇవ్వండి. ఒక్క కుర్చీ చాలు."

ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "మరి మీ బావ? నిన్నగాక మొన్న మేమిద్దరం ఒకటే అన్నావుగా?"

"నేను ఒకటే అనుకున్నానమ్మా. ఆయన నన్ను వేరే లెక్కలో వేసుకున్నాడు."

మధ్యలో చెక్క అడ్డం పెట్టించుకో, ఆ ఖర్చు నీదే, కిటికీ వైపు సగం మొబైల్ షాపువాడికి ఇస్తానంది ఆవిడ. అంటే కత్తెరకి మిగిలేది గోడ వైపు చీకటి సగం. సరేనన్నాడు.

దిగి వచ్చేసరికి దువ్వెన లేడు. సగం గడ్డంతోనే వెళ్లిపోయాడు. కత్తెర నేల తుడిచి, భార్యకి ఫోన్ చేశాడు. వాళ్ల అన్నయ్య సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియక, తిన్నావా అని అడిగాడు.

"ఏంటి, మళ్లీ పోయాయా?" అంది ఆవిడ అటునుంచి.

"డబ్బులు పోలేదు," అన్నాడు. "నువ్వొకసారి షాపుకి రా. వచ్చేటప్పుడు అన్నయ్యకి ఫోన్ చెయ్యకు."