అర పాయింట్, ఒక సున్నా

మా బాపు సాయిలు పంజాగుట్ట షాపింగ్ కాంప్లెక్సుల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు చదరంగం నేర్పింది ఆయనే. నేర్పిన మనిషి పిల్ల సంబరం కోసమైనా ఒక్కసారి ఓడిపోవాలి కదా? పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఓడలేదు. నేను ఏడ్చినా, అలిగి అన్నం మానేసినా ఆయన నోట ఒకటే మాట. "మళ్ల ఆడు, యశస్వినీ."

అమీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలు సెల్లార్‌లో జిల్లా టోర్నమెంటు జరిగినప్పుడు ఇద్దరం పేర్లిచ్చాం. ఆయన సరదాకి ఆడాడు. నేను మాత్రం జిల్లా మహిళల జట్టులో చోటు కోసం ఆడాను. ఈ పోటీల్లో సమాన పాయింట్లున్నవాళ్లకి జత కలుపుతారు. ఆఖరి రౌండుకి గోడమీద అంటించిన కాగితం చూస్తే నా పేరు పక్కన ఆయన పేరే ఉంది. డ్రా అయినా చాలు, అర పాయింటుతో జట్టులోకి వెళ్తాను. ఓడితే ఇంటికే.

మధ్యాహ్నం టిఫిన్ సెంటర్‌లో దోశ తింటుంటే బాపు జేబులోంచి లిఫ్టు సర్వీసు స్లిప్పు తీశాడు. దాని వెనక పెన్సిల్‌తో పది ఎత్తులు రాసి ఉన్నాయి.

"ముప్పై ఎత్తుల లోపల డ్రా అడగొద్దని పోటీ నడిపే సార్ రూల్ పెట్టిండు. స్టేల్‌మేట్‌కు ఏ రూల్ లేదు. గిది పదో ఎత్తుకు స్టేల్‌మేట్ అయితది. నీ అర పాయింట్ నీకొస్తది, ఫికర్ లేదు" అన్నాడు.

స్టేల్‌మేట్ అంటే రాజుకి చెక్ ఉండదు, వేయడానికి ఎత్తూ ఉండదు. రెండు ఫ్లోర్ల మధ్య ఆగిపోయిన లిఫ్టులా ఆట అక్కడే నిలిచిపోతుంది. అది డ్రా కిందే లెక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. అంటే నిజంగా ఆడితే నేను ఓడిపోతాననేగా ఆయన నమ్మకం? ఆ మాట గొంతుదాకా వచ్చింది కానీ నోటినిండా దోశ ఉంది. నములుతూ కూర్చున్నాను. నేను ఒప్పుకున్నాననే ఆయన అనుకున్నాడు.

తెల్లపావులు నావి. మొదటి ఎత్తు స్లిప్పులో ఉన్నట్టే వేశాను. ఆయన కూడా అలాగే చివరి బంటుని రెండు గళ్లు జరిపాడు. రెండో ఎత్తుకి నా మంత్రి ఏటవాలుగా బోర్డు అంచుకి వెళ్లాలి. నేను మంత్రి ముందున్న బంటుని తోశాను.

బాపు నా ముఖం చూడలేదు. ఆ బంటునే కాసేపు చూసి, చొక్కా చేతులు మడిచి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆ చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇక ఆయనకి నేను కూతుర్ని కాను, ప్రత్యర్థిని.

రెండు గంటల తర్వాత నా దగ్గర మంత్రి, మూడు బంట్లు మిగిలాయి. ఆయనకి మూలన ఇరుక్కున్న రాజు, కదలలేని రెండు బంట్లు, ఒకే ఒక్క ఏనుగు. మా బాపు ఓడిపోతున్నాడు.

అప్పుడు ఆయన ఏనుగుని తెచ్చి నా రాజు పక్కనే పెట్టి చెక్ అన్నాడు. ఊరికే తినేయొచ్చు. తినబోయి ఆగాను. తింటే ఆయనకి కదపడానికి ఇంకేమీ ఉండదు, స్టేల్‌మేట్ అవుతుంది. రాజుని పక్కకి జరిపాను. ఏనుగు వెంటే వచ్చింది. మళ్లీ జరిపాను, మళ్లీ వచ్చింది. బోర్డంతా పరిగెత్తాను. నా గడియారంలో ఒక్క నిమిషం మిగిలింది. అది అయిపోతే నేను ఓడినట్టే, జట్టూ పోతుంది. నాకు కావలసిన అర పాయింటు ఎదురుగా నిలబడి తినమంటుంటే, గెలుపు కోసం దాన్ని తప్పించుకు తిరుగుతున్నాను! ఇరవై సెకన్లు ఉన్నాయనగా ఏనుగుని కొట్టాను, ఆట డ్రా అయింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

చేతులు కలిపామో లేదో కోచ్ భార్గవ్ వచ్చి నిలబడ్డాడు. నాకు ఈ అర పాయింట్ రాకపోతే ఆయన దగ్గర నేర్చుకునే పిల్లకి జట్టులో చోటు దొరికేది.

"తండ్రీబిడ్డలు సార్! ఏన్గును ఊకెనే ఇస్తుంటే తీసుకోకుండ నాటకమాడిన్రు. గిదంత ముందుగాల మాట్లాడుకున్నదే" అని పోటీ నడిపే ఆర్బిటర్ రాజనర్సయ్యకి చెప్పాడు.

ఆర్బిటర్ బాపు వైపు తిరిగాడు. "మాట్లాడుకున్నరా, సాయిలన్నా?"

లేదను బాపూ, ఒక్క మాట లేదను అని లోలోపల మొత్తుకున్నాను. ఆయన చొక్కా జేబులోంచి ఆ స్లిప్పు అంచు కనిపిస్తూనే ఉంది.

"మాట్లాడిన సార్. నేనొక్కడినే మాట్లాడిన. బిడ్డ ఇనలే" అని స్లిప్పు తీసి బల్లమీద పెట్టాడు.

అయిపోయింది నా జట్టు అనుకున్నాను. రాజనర్సయ్య కళ్లద్దాలు పెట్టుకుని స్లిప్పు పక్కన మేము ఎత్తులు రాసుకున్న స్కోరుషీటు పరిచి, రెండింటి మీదా వేళ్లుంచి చదివాడు.

"మొదటి ఎత్తు కలిసింది. రెండోది కలవలే. పది ఎత్తులల్ల అయిపోయేది డెబ్బై రెండు దాకా పోయింది. నాటకానికి గింత చెమట ఎవరు పడతరు, భార్గవ్?" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఆటకు ముందే నాకు చెప్పాలె గదమ్మా. గిది వార్నింగ్. నీ అర పాయింట్ నీదే." ఆఖరికి బాపుతో, "డ్రా చేసుకుందమని ముందుగాల అడుగుడే తప్పు. నీ అర పాయింట్ తీసేస్తున్న" అన్నాడు.

"సరే సార్" అన్నాడు బాపు.

గోడమీద ఫలితాలు అంటించారు. నా పేరు పక్కన అర, ఆయన పేరు పక్కన సున్నా. ఆ సున్నా చూడాలని పదకొండేళ్లుగా కలలు కన్నాను. తీరా చూస్తే నాకు అస్సలు నచ్చలేదు.

మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ, "ఆ స్లిప్పు ఎందుకు చూపెట్టినవ్ బాపూ?" అని అడిగాను.

"దాస్తే నీ పాయింట్ గురించి జిందగంత గుసగుసలాడుతరు."

"మరి నువ్వు ఓడిపోయుంటే నాకు పూర్తి పాయింట్ వస్తుండె గద. ఆ ఏన్గును నా మీదికెందుకు తోలినవ్?"

బాపు మెట్టు మీద ఆగిపోయాడు. వెనకనుంచి జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు.

"అప్పటికి నాకు నీ టీము యాదికే లేదు బిడ్డా" అన్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం ఇంకా పోలేదు. "నేను ఓడిపోతుంటి."

ఆ మాట మళ్లీ అనమని అడిగాను. ఎర్రమంజిల్‌లో దిగేదాకా అడుగుతూనే ఉన్నాను. మళ్లీ అంటేగా!