ఇత్తడి బిళ్ళ

బంగారు గనులు మూతపడ్డాక పుట్టిన పిల్ల మేధ. భూమిలోపలికి ఎన్నడూ దిగింది లేదు. కలలో మాత్రం చిన్నప్పటినుంచీ దిగుతూనే ఉంది. గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో వాళ్ళింటి కిటికీలోంచి కనిపించే, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర పంజరంలాంటి లిఫ్టు ఎక్కితే చాలు, చీకటి మెత్తగా విడిపోయేది. గనినిండా నిలిచిపోయిన నీళ్ళు గోరువెచ్చగా ఆమెను ఎత్తి పట్టుకునేవి.

ఆ కలనే ఆటగా చేసింది. బెంగళూరులో వీడియో గేములు తయారుచేసే కంపెనీ ఒకటి గేమ్‌ప్లే ప్రోగ్రామరు కోసం చూస్తోంది. తెరమీద బొమ్మ దూకినా పడినా, ఆడేవాళ్ళ చేతికి అది నిజమనిపించేలా కోడు రాయడమే ఆ పని. ఇప్పుడు మేధ రోజూ రైలెక్కి వెళ్ళి చేసేది బ్యాంకుల సాఫ్టువేరు. అందులో అన్నీ నిజాలే, ఏదీ చేతికి నిజమనిపించదు. ఈ కొత్త ఉద్యోగం ఆమెకు ఎంత కావాలంటే, పైకి చెప్పుకోవడానికి సిగ్గేసేంత. చిన్న ఆట ఒకటి చేసి ఆదివారం సాయంత్రం ఆరులోగా పంపమన్నారు.

మధ్యాహ్నానికే సిద్ధమైంది. ఆట తెలియనివాళ్ళు ఆడితేనే తప్పులు బయటపడతాయని కంట్రోలరు తీసుకెళ్ళి అవ్వ నాగరత్న చేతిలో పెట్టింది. అవ్వ కళ్ళజోడు సర్దుకుని, హారతి పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

హెల్మెట్టు పెట్టుకున్న బొమ్మ టైమాఫీసు గోడకున్న మేకునుంచి ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగింది. నీలం నీళ్ళలో తేలింది. రాళ్ళలోంచి రాలిన బంగారు నలుసులు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగాయి. అవ్వ రెప్ప వెయ్యలేదు. అట్టడుగున దీపం వెలిగి, ఆట ముగిసిందని తెరమీద వచ్చింది.

మేధ చెయ్యి చాపింది. అవ్వ కంట్రోలరు ఇవ్వలేదు.

"ఇంగ పైకి ఎట్ల రావాల?"

"అయిపోయింది అవ్వా. దిగేదే ఆట."

"యాడ అయిపోయింది? బిళ్ళ వానికాడే ఉండాది కదా!"

ఆ బిళ్ళను మేధ అందానికని పెట్టింది. పోయిన తాత ప్రహ్లాద గనిలో టైమ్‌కీపరు. దిగే ప్రతివాడూ మేకునుంచి తన బిళ్ళ తీసుకుపోవాలి, పైకొచ్చాక తిరిగి తగిలించాలి.

"ఆఖరి బిళ్ళ మేకుకు పడేదాంకా మీ తాత ఇంటికొచ్చేవాడు కాదమ్మా. ఆయన రాందే నేను అన్నానికి కూచుండేదాన్ని కాదు. దిగినోన్ని ఆడ ఇడిసిపెట్టి నువ్వెట్ల లేస్తావు?"

ఆ మాట అనడానికి అవ్వకేం, ఉద్యోగం అవ్వది కాదుగా! మేధకు ఒళ్ళు మండింది. లాప్‌టాప్ తీసుకుని పెరట్లోకి పోయింది. తీరా పంపబోతే, దీపం కింద ఒంటరిగా నిలబడ్డ బొమ్మను చూసి మనసు చివుక్కుమంది. కలలో తను కూడా ఎన్నడూ పైకి రాలేదు. నడుమనే మెలకువ వచ్చేసేది.

పైకి తేవడం మొదలుపెట్టింది. బొమ్మ రాయిలోంచి దూరిపోయింది, తలకిందులుగా తేలింది. ఆరు దాటింది. మేధకు ఏడుపొచ్చింది, అయినా లేవలేదు. చివరికి బరువు కుదిరింది: అడుగున వేళ్ళు లాగేసేంత బరువు, వెలుగు దగ్గరపడేకొద్దీ తేలిక. "ఆలస్యమైంది. మనిషి కిందే ఉండిపోయాడు, పైకి తెచ్చి పంపుతున్నాను" అని రాసి పంపింది. ఇక ఆశ వదులుకుంది.

బుధవారం సాయంత్రం కంపెనీనుంచి విజయేంద్ర అనే ఆయన ఫోన్ చేశాడు. గడువు దాటినవి తెరవకూడదనుకున్నాడట. ఆ రెండు మాటలు చదివి తెరిచాడట.

"దిగేటప్పుడు అందంగా ఉందండీ. పైకి తెచ్చేటప్పుడు మాత్రం బటన్ మీదినుంచి వేలు తీయబుద్ధి కాలేదు. ఎప్పుడు చేరతారు?"

మేధ వంటింట్లోకి పరుగెత్తింది. నేల కాళ్ళకు తగిలినట్టే లేదు.

"అవ్వా, నా ఆట ఆడినాయన ఫోన్ చేసినాడు, పని దొరికింది!"

అవ్వ గరిటె ఆపింది.

"ఆయప్ప వాన్ని పైకి తెచ్చినాడా?"

"తెచ్చినాడవ్వా."

"బిళ్ళ?"

"మేకుకు తగిలించినాడు."

అవ్వ రెండు కంచాలు దించింది.

"అట్లయితే కూచో తల్లీ, అన్నం తిందాం."