సగం ఉస్మానియా బిస్కెట్టు

నా రక్తంలో యాంటీబాడీల లెక్క నూట పదికి చేరింది. ఇరవైలోపు ఉండాలి. ఆరు నెలల కిందట తొంభై.

నాకు సీలియాక్ జబ్బు. గోధుమ లోపలికి పోతే చాలు, ఒళ్లు దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలను తయారుచేస్తుంది, నా పేగునే గాయపరుస్తుంది. గోధుమ మానేస్తే ఆ లెక్క నెమ్మదిగా దిగుతుంది. నాది ఎక్కింది.

"అప్పుడప్పుడు తింటే ఇంత రాదు సార్. రోజూ ఎంతో కొంత పోతున్నట్టున్నది," అన్నది డాక్టర్ పద్మలత.

పక్కన కూర్చున్న మా అక్క చిలుకమ్మ నావైపు తిరిగింది. "రోజూనా?"

నా భార్య శారద పోయి మూడేళ్లు. అప్పటి నుంచి పక్క వీధి నుంచి వచ్చి నాకు వండిపెడుతున్నది అక్కే.

"ఇగ సాయంత్రం చౌరస్త బంద్," అన్నది దవాఖాన మెట్లు దిగుతూ. "ఆ ఓంప్రకాశ్‌తోని కూసొని ఏం మెక్కుతున్నవో."

"ఒక్క చాయ్ తాగుతున్న అక్కా."

"చాయ్‌కి నూట పదొస్తదారా?"

నా రోజులో మాటలు వినబడేది చౌరస్తాలో స్నేహితుడు ఓంప్రకాశ్‌తో చాయ్ తాగే ఆ ఒక్క గంటే. అది పోతే సాయంత్రాలు గోడ గడియారంతో గడపాలి. కాబట్టి దొంగను నేనే పట్టాలనుకున్నాను. అన్నం, పప్పు పాతవే. ఆరు నెలల కిందట కొత్తగా మొదలైంది జొన్నరొట్టె ఒక్కటే. మర్నాడు జొన్నల డబ్బా పట్టుకుని నేనే పిండి గిర్నికి పోయాను.

గిర్ని కట్టయ్య డబ్బా అందుకుని నా వెనక్కి చూశాడు. "గోధుమల డబ్బ తేలేదా సార్?"

"అదెందుకు?"

"మీ అక్కమ్మ ఇంటి గోధుమలు ముందుగాల పడ్తం గద. ఆ ఎన్కనే మీ జొన్నలు. రాయిల మిగిలిన తన పిండి పరాయోళ్ల డబ్బల పోవద్దని అమ్మ దగ్గరుండి పట్టిస్తది."

గిర్ని రాతిలో మిగిలిన గోధుమ పిండి నా జొన్నపిండిలో కలుస్తున్నదని ఇంటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రొట్టె తడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"అంటే నేనే పెట్టిన్నా రా?" అన్నది. పిండి చెయ్యి ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లనొప్పులతో రోజూ నడిచి వచ్చే మనిషి. గెలిచానన్న సంతోషం నాకు అర నిమిషం కూడా నిలవలేదు.

"అక్కా, ఫిబ్రవరిల సగం ఉస్మానియా బిస్కెట్టు తిన్న."

తల ఎత్తింది. "కడ్మ సగం?"

"ఓంప్రకాశ్ తిన్నడు."

"నాకెర్కేరా. నీ మొఖం జూస్తెనే ఎర్కైంది." చెయ్యి మళ్లీ రొట్టె మీద పడింది, ఈసారి కాస్త గట్టిగా. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది.

ఆ సాయంత్రమే అటక మీది ఇసుర్రాయి దిగింది. ఎప్పుడో పెసలు విసిరినది. అక్క దాన్ని మూడుసార్లు కడిగి ఎండబెట్టింది.

"చాయ్ ఈడ్నే తాగుండ్రి. ముందుగాల సేరు జొన్నలు ఇసురుండ్రి. ఆ సగం తిన్నోన్ని గూడ తోల్కరా."

రిటైరైన గార్డు ఓంప్రకాశ్ రోజూ నాకెదురుగా కూర్చుని పిడి పట్టుకుంటున్నాడు. "సగం బిస్కెట్టుకు ఇంత శిక్షనా అక్కా?" అని మొరపెట్టుకుంటాడు. కానీ ఒక్క రోజూ నాగా పెట్టడు. అల్లం చాయ్, మూడు గొంతులు, మధ్యలో రాయి చప్పుడు.

మూడు నెలలకు లెక్క అరవై రెండుకు దిగింది. రిపోర్టు చదివి వినిపించాను.

అక్క వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది. "ఇంక నలభై రెండు దిగాలె. మాటలాపి ఇసురుండ్రి."