గాడి కింద అర అంగుళం

చెక్కను చేత్తో పట్టుకుంటే చాలు, పచ్చిదో ఎండిందో చెప్పేస్తాను. ఎదురుగా నిలబడ్డవాడు బేరానికి వచ్చాడో, ఊరికే ఊసుపోక వచ్చాడో గుమ్మంలోనే పసిగడతాను. అలాంటివాణ్ణి మా సొంత అక్క కూతురి దగ్గర బోర్లా పడ్డాను.

నాది పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం. చూసేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఫ్రేము లోపలి అంచున గాడి ఉంటుంది. బొమ్మ ఆ గాడిలో కూర్చుంటుంది. అలా కూర్చున్నాక నాలుగు వైపులా అర అంగుళం మేర చెక్క కింద దాగిపోతుంది. ఫ్రేము ఊడదీస్తే తప్ప ఆ అర అంగుళాన్ని ఎవరూ చూడరు. బిగించేవాడు చూస్తాడు, అంతే.

ఆ అర అంగుళాన్ని వాడుకున్న మనిషి ఒకావిడ ఉంది. పెద్ద పెద్దవాళ్ల ముఖాలు గీసే చిత్రకారిణి. నాకన్నా పదేళ్లు పెద్ద, అందుకని అక్కా అంటాను. ఆవిడ నన్ను మేకుల మారాజా అంటుంది. డాక్టర్లు, లాయర్లు, మిల్లుల యజమానులు ఆవిడ ముందు వరస కట్టి కూర్చునేవారు. అందరూ పటంలో హుందాగా, చల్లగా, పదేళ్లు చిన్నగా కనిపించేవారు. కానీ పై అంచున, గాడి కిందకు పోయే చోట, సన్నటి కుంచెతో ఒక జత కళ్లు ఉండేవి. కూర్చున్న మనిషి అసలు కళ్లు. పటంలో చిరునవ్వు నవ్వే లాయరుకు అంచులో భయపడ్డ కళ్లు. దాతగా పేరుపడ్డ ఆయనకు అంచులో ఆకలి కళ్లు.

"ఇదేం పని అక్కా?" అని మొదటిసారే అడిగాను.

"అడిగినవాడికి అడిగిన ముఖం ఇస్తాను. మరి నేను చూసింది పారేయలేను కదా? ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. నువ్వు మేకు కొట్టావంటే ఆ కళ్లు మూసుకుంటాయి. నీ నోరు కూడా."

ఇరవై రెండేళ్లు మూసుకునే ఉంచాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మా మేనకోడలు అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం చేస్తుంది. తెలివైన పిల్ల, ఓపిక తక్కువ. ఈ కాలపు రూపచిత్రాల మీద కొత్తగా విమర్శ రాసేవాళ్లకు ఒక కళాసంస్థ బహుమతి ప్రకటించింది. గెలిచిన వ్యాసాన్ని పుస్తకంగా వేస్తారు, ఆపైన ఏడాదిపాటు వాళ్ల పత్రికలో ఒక పేజీ ఇస్తారు. ఒకటే షరతు: ఇంతవరకు ఎవరూ అననిది అనాలి, ఆధారం చూపాలి. ఆ పేజీ కోసం ఈ పిల్ల మూడు నెలలుగా సరిగ్గా తిండి తినడం లేదని వాళ్లమ్మ, అదే మా సొంత అక్క, గోల.

ఒక మధ్యాహ్నం రాసింది పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"విను మావయ్యా. 'ఈవిడ ముఖాలు గీయదు, ముఖాలకు ఇస్త్రీ చేస్తుంది.' ఎలా ఉంది?"

"ఎవరి గురించే?"

"ఇంకెవరు, మీ అక్కగారి గురించే. బొమ్మలన్నీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉంటాయి."

"నీకేం తెలుసని?"

"చూసింది తెలుసు. చూడనిది ఏమైనా ఉంటే నువ్వు చెప్పు."

బల్ల మీద ఆ రోజే వచ్చిన డాక్టరు గారి పటం ఉంది, ఇంకా ఫ్రేము ఎక్కలేదు. నేను ఒక లెక్క వేసుకున్నాను. ఒక్కసారి చూపిస్తే ఈ పిల్ల ఆ మాట కొట్టేస్తుంది. ఆవిడ పరువు దక్కుతుంది, రహస్యం ఇంట్లోనే ఉంటుంది. ఎటు చూసినా లాభమే. పటం ఎత్తి పట్టుకున్నాను. డాక్టరు దయగా చూస్తున్నాడు. పై అంచులో ఆయన కళ్లే, విసుగుతో మొద్దుబారి ఉన్నాయి.

మేనకోడలు కాగితాలు బల్ల మీద పడేసి ఆ అంచు మీదికి వంగింది.

"సరిగా కనబడట్లేదు మావయ్యా, ఫోన్ లైటు వేస్తాను. ఇంకాస్త ఇటు తిప్పు. ఆఁ, అలా పట్టుకో."

అలాగే పట్టుకున్నాను.

"ఇది రాయకూడదు," అన్నాను.

"ఛ, నీ మీద ఒట్టు. ఇస్త్రీ మాట తీసేస్తాను, సరేనా?"

తీసేసింది. ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది.

నాలుగు నెలలకు మా సొంత అక్క మిఠాయి డబ్బాతో వచ్చింది, బహుమతి మన పిల్లకే అని. పుస్తకం తెరిచాను. మూడో పేజీలో ఫోటో: ఒక పటం పై అంచు, ఒక జత కళ్లు, పక్కనే సుత్తి దెబ్బకు నల్లబడ్డ గోరుతో ఒక బొటనవేలు. నా వేలు.

మేనకోడల్ని అడగడానికి వెళ్తే తలుపు తీస్తూనే అంది, "ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు మావయ్యా."

"నా వేలు వేశావుగా. ఆవిడ పటాలు కట్టేది నేనేనని ఊళ్లో ఎవరికి తెలియదు?"

"ఆధారం లేకపోతే నమ్మరు. అయినా చదివావా? ఇన్నాళ్లూ అందరూ ఆవిణ్ణి తీసిపారేశారు. గొప్ప చిత్రకారిణి అని మొదట అన్నది నేనే."

"అనమని ఆవిడ అడిగిందా?"

"మరి నువ్వెందుకు చూపించావు?"

మెట్లు దిగి వచ్చేశాను.

ఆ వారంలో డాక్టరు గారు పటం చంకన పెట్టుకుని వచ్చి, "విప్పు," అన్నారు. విప్పాను. చూసుకుని, నా దగ్గరే వదిలేసి వెళ్లారు. లాయరు గారు ఆ అంచు కత్తిరించమన్నారు. దాత గారు ఆవిడ మీద కేసు వేస్తానన్నారు. ఆవిడకు పని ఇస్తామన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే వద్దనుకున్నారని తర్వాత విన్నాను.

చివరికి ఆవిడ వచ్చింది. తిట్టలేదు. నా కుర్చీ వెనక గోడకున్న పటం చూపించి, "దించు," అంది.

అది నా పటం. పదేళ్ల కిందట ఆవిడే గీసి ఇచ్చింది. అప్పుడు నాలుగు అంచులకూ నల్ల కాగితం అంటించి, నీది నువ్వు చూడకు అంది. నేను కాగితం కదపకుండానే బిగించాను.

మేకులు లాగాను. ఆవిడ కాగితం ఒలిచింది. నాలుగు వైపులా ఉత్త గుడ్డ, ఎక్కడా కళ్లు లేవు.

"విడిగా పెట్టాల్సింది నీ దగ్గర ఏమీ కనబడలేదప్పుడు," అంది. "కూర్చో."

సంచిలోంచి కుంచె, రంగులు తీసింది. పది నిమిషాలు నన్ను చూసింది, పై అంచున గీసింది.

"అక్కా, నేను నీ మంచికే..."

"కదలకు."

తర్వాత నాకు చూపించకుండా పటాన్ని తనే తిప్పి, ముఖం కిందికి ఉండేలా ఫ్రేములో పెట్టింది. "కొట్టు."

"తడిగా ఉంది. చెక్కకు అంటుకుపోతుంది. మళ్లీ తీస్తే రంగంతా ఊడొస్తుంది."

"తెలుసు. కొట్టు."

నాలుగు మేకులు కొట్టాను. మామూలుగా రెండు దెబ్బలకు దిగే మేకు ఆ రోజు ఆరు దెబ్బలు తీసుకుంది. పటం గోడకు తగిలించేదాకా నిలబడి, వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆవిడ పటాలు వంతెన అవతల దుకాణంలో కట్టిస్తోందట.

మొన్న మేనకోడలు ఫోన్ చేసింది. పత్రికలో పేజీకి ఈసారి ఏమీ దొరకలేదట.

"మావయ్యా, నీ పటం కూడా ఒకసారి విప్పి చూద్దామా?"

"ఇంకా ఆరలేదు," అన్నాను.

"ఎన్నాళ్లకు ఆరుతుంది?"

గాజు కోయాలని చెప్పి పెట్టేశాను.